జమీందారీల మీద చిన్న పుస్తకం

హౌరా నుంచి కలకత్తా వచ్చే పడవలో, నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని మునిసిపల్ కార్మికుడు అప్పలస్వామి పలకరించాడు. అతని చేతిలో బెంగాలీలో రాసిన చిన్న పరిచయ పుస్తకం, అరచేయంత ఉంది. వాళ్ల బృందంలో వారానికొకరు అలాంటిదొకటి చదివి టీ కొట్టు దగ్గర మిగతా మిత్రులకు చెప్పాలట. ఆ రోజు అతని వంతు. విషయం జమీందారీలు.

“సగం అర్థం కానేదు బాబూ. అక్కడి బెంగాలీ దాదాలు, అదే అన్నలు, నవ్వుతారు. మీరేటి సేస్తారు?”

“మాది జమీందారీ వంశం,” అన్నాను నిటారుగా కూర్చుని.

“ఓర్నాయనో! ఈ పుస్తకం ఆకరి పేజీలో మీ జమీందార్లంతా అయిపోనారు గదా!”

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పడవ దిగగానే నన్ను టీ కొట్టుకు లాక్కెళ్లి మిత్రుల మధ్య బల్ల మీద కూర్చోబెట్టాడు. మా జమీందారీ అంతా ఎలా పోయిందని వాళ్లడిగారు. ఇంట్లో ఎన్నడూ ఎత్తని ఆ కథను, మట్టి కప్పులో టీ తాగుతూ, తాతలు ఇంటి ఏనుగును అమ్మిన దగ్గర్నుంచి పగలబడి నవ్వుతూ చెప్పాను. అప్పలస్వామి ప్రతి మాటా బెంగాలీలో చెప్పి, చప్పట్లన్నీ తనే అందుకున్నాడు.