పెట్టిన రోజు నుంచి లెక్క

పోయిన మంగళవారం పొద్దున భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఒకప్పటి మా ఖాతాదారు. "బిడ్డా, మీ సార్ పోయిండట. నీకు ఎర్కనా?" అన్నాడు. వారానికోసారి ఆయన సార్‌కు ఫోన్ చేసేవాడట. ఈసారి ఇంటి ఓనరు ఎత్తి చెప్పాడట. నాకు తెలియదు. సార్ ఉండేది జనగామలోనే, మా ఇంటికి మూడు వీధుల అవతల. అయినా ఆ కబురు భూపాలపల్లి మీదుగా నా దగ్గరికి వచ్చింది.

సార్ నా మేనేజర్. హైదరాబాద్ కంపెనీ ఒకటి జనం దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ల తరఫున షేర్లలో పెట్టి, ఆ పెట్టుబడి ఎలా ఉందో మూడు నెలలకోసారి రిపోర్టు పంపేది. దాని జనగామ శాఖలో మేమిద్దరమే. సార్‌ది కోస్తా. భార్య పోయాక తనే అడిగి బదిలీ చేయించుకుని ఇటు వచ్చారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులు. టీకొట్టు దగ్గర సార్ నోరు విప్పగానే చుట్టూ మాటలు ఆగిపోయేవి. ఎవరూ ఏమీ అనలేదు. మాట్లాడకపోవడమే. కొన్నాళ్లకు ఆయన టీ ఆఫీసుకే తెప్పించుకున్నారు. ఆ తర్వాత టీ మానేశారు.

అంతకుముందే మార్కెట్ కుప్పకూలి, మళ్లీ కొంచెం లేచింది. ఐదు లక్షలు పెట్టినవాళ్లకు మూడున్నర మిగిలాయి. ఆ సమయంలో హెడ్డాఫీసు కొత్త రకం రిపోర్టు తయారుచేసింది. అందులో లెక్క మార్కెట్ అట్టడుగున ఉన్న రోజు నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి చూస్తే అందరికీ లాభమే. మొదటి పేజీలోనే పైకెక్కే ఆకుపచ్చ గీత. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు.

సార్ దాన్ని చాలాసేపు చూశారు. "ఆ రోజున వీళ్లెవరూ డబ్బు పెట్టలేదు కదమ్మా. పెట్టిన రోజు నుంచి చెప్పాలి" అన్నారు. నా చేత ఒక్కొక్కరికీ ఒక్క పేజీ తెలుగులో టైప్ చేయించారు. ఎప్పుడు ఎంత ఇచ్చారు, మన ఫీజు ఎంత పోయింది, ఇప్పుడు ఎంత ఉంది. అంతే. మధ్యలో ఆగి, "నష్టం అంటే సరిపోతుందా, ఇక్కడ ఇంకేమైనా అంటారా?" అని అడిగారు. "మునిగినం అంటరు సార్" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. చిన్న కాగితం మీద ఆ మాట రాసుకున్నారు.

"లాభమైతే పోస్టులో పంపొచ్చు. ఇది మనమే వెళ్లి చెప్పాలి" అన్నారు.

అలా భూపాలపల్లి వెళ్లాం. ఊరి మొదట్లోనే బస్సు ఆగిపోయింది. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, నిరసనగా అక్కడే వండుకుని తింటున్నారు. ఆ గుంపులో ఉల్లిగడ్డలు కోస్తూ మా పెద్దాయన కనిపించాడు. సార్ దూరంగా నిలబడ్డారు. పెద్దాయనే పిలిచాడు.

"మంచిగ వచ్చినవు సారూ. లాభమొచ్చిందని మొన్న మీ కాయితం వచ్చింది. బ్యాంకుల ఇంకో రెండు లక్షలున్నయి, అవి గూడ నీకే ఇద్దామనుకుంటున్న."

హెడ్డాఫీసు తన రిపోర్టును నేరుగా పోస్టు చేసేసిందని మాకు అప్పుడే తెలిసింది. సార్ రోడ్డు మీదే మఠం వేసుకుని కూర్చుని, మా పేజీ ఆయన ముందు పెట్టి, అంకె అంకె చదివి వినిపించారు. చుట్టూ మాటలు ఆగిపోయాయి.

"గీ ఆంధ్రోళ్లు గిట్లనే ముంచుతరు" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఆగుండ్రి. ఆయనను చెప్పనియ్యిండ్రి" అన్నాడు పెద్దాయన. తర్వాత సార్ వైపు తిరిగి, "మరి గిప్పుడు ఎట్ల?" అన్నాడు.

"ఉన్నది ఉంచాలో తీసుకోవాలో మీ ఇష్టమండి. ఆ రెండు లక్షలు మాత్రం నన్ను చూసి పెట్టొద్దు."

పెద్దాయన కత్తి కింద పెట్టాడు. "గిట్ల చెప్తే నీ కొలువు ఉంటదా సారూ?"

"ఉండకపోవచ్చు."

కాసేపటికి పెద్దాయన ఒక విస్తరి తెచ్చి సార్ ముందు వేశాడు. "జర తిను" అన్నాడు. సార్ తల ఎత్తకుండా తిన్నారు.

అందరూ అలా లేరు. కేసముద్రంలో పత్తి వ్యాపారి కాగితం చదివి మమ్మల్ని కొట్టు మెట్ల మీద నుంచే పంపించేశాడు. ఒక్కొక్కరే డబ్బు వెనక్కి తీసుకున్నారు. పెద్దాయన కూడా తీసుకున్నాడు. హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చి నన్ను కూర్చోబెట్టి, ఆ పేజీ ఎవరు తయారుచేశారని అడిగారు. "సార్ చెప్పారు, నేను టైప్ చేశాను" అన్నాను. పేజీలో ఉన్నది సరైనదేనా అని వాళ్లు అడగలేదు. నేనూ ఆ మాట చెప్పలేదు. నెల తిరక్కుండానే సార్ ఉద్యోగం పోయింది. క్షమించమని వెళితే, "నిజమే చెప్పావు కదమ్మా" అన్నారు. నన్ను తిట్టి ఉంటే ఇన్నేళ్లూ ఆ గుమ్మం తొక్కగలిగేదాన్నేమో.

రాష్ట్రం వచ్చింది. నేను వరంగల్‌లో వేరే ఉద్యోగంలో చేరి రోజూ రైల్లో తిరిగేదాన్ని. సార్ జనగామ వదిలి వెళ్లలేదు. ఎవరి కోసం ఉండిపోయారో తెలియదు.

ఆఖరుసారి ఆయనను చూసింది స్టేషన్లోనే. ప్లాట్‌ఫారం దాదాపు ఖాళీగా ఉంది. సార్ బెంచీ మీద ఒక చివర కూర్చుని, పక్కన చేతిరుమాలు పరిచి ఉంచారు, ఎవరికో చోటు ఆపి ఉంచినట్టు.

"ఎవరైనా వస్తున్నారా సార్?"

"లేదమ్మా. అలవాటు."

కూర్చోమని ఆయన అనలేదు. నేను నిలబడే మాట్లాడాను. నా రైలు వచ్చింది, ఎక్కేశాను. బండి కదిలినప్పుడు ఆ గాలికి రుమాలు అంచు లేచింది. సార్ రైలు వైపు చూడలేదు. వంగి, అరచేత్తో దాన్ని మెల్లగా సర్దుతున్నారు.