లాభం, రెండు, మూడు

తిరుపతి మార్కెట్లో కొత్త చెనిక్కాయల బస్తా విప్పితే ఎర్రమట్టి వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, మా నాయన గొంతు వినిపిస్తుంది: "లాభం, రెండు, మూడు..."

మా చిత్తూరు పల్లెల్లో కళ్ళంలో పంట కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. నేను లెక్కపెట్టడం నేర్చుకున్నది అక్కడే. అందుకే బళ్లో లెక్కల సారు మొదటి సహజ సంఖ్య ఏదని అడిగితే, లేచి "లాభం" అన్నాను. పిల్లలంతా నవ్వారు. సారు నవ్వలేదు. బోర్డు మీద ఒకటి వేసి, దానికి ముందు సున్న చుట్టి, సున్నను కూడా కలుపుకుంటే అవి పూర్ణాంకాలవుతాయని చెప్పాడు.

ఆ ఏడాది వానల్లేవు. చాలా కాయల్లో గింజే లేదు. సాయంత్రం కళ్ళంలో చిన్న కుప్ప ముందు కూర్చుని, నాయన కొలిచే పడి నింపి "లాభం" అన్నాడు.

"అట్ల కాదు నాయనా, సున్నతో మొదలుపెట్టాలంట. మా సారు చెప్పినాడు," అన్నాను గొప్పగా.

నాయన చెయ్యి ఆగిపోయింది. అవ్వ గబుక్కున నా నోరు మూసింది. "కళ్ళంలో ఆ మాట అనగూడదు పాపా!"

"బిడ్డనేమీ అనొద్దుమా. బళ్లో అట్లే సెప్పింటారు," అన్నాడు నాయన. పడిలోని కాయలు కుప్పలో పోసేసి, మళ్ళీ నింపి, మెల్లగా "లాభం" అన్నాడు.

పాపం, నాయనకు సున్న తెలియదనుకున్నాను. విత్తనానికి తీసిపెట్టాక ఇంట్లోకి ఏమీ మిగలదని కుప్పను చూసినప్పుడే ఆయనకు తెలిసి ఉంటుంది. తెలిసే, లాభంతో మొదలుపెట్టాడు.