అద్దింటి గుమ్మంలో ఓటు

2023 చివరి నెలల మాట. రాజమండ్రిలో ఒక వార్డు సచివాలయంలో పనిచేస్తూ బీఎల్‌ఓ బాధ్యత కూడా చూసేదాన్ని. బీఎల్‌ఓ అంటే బూత్ లెవెల్ ఆఫీసర్. ఒక పోలింగ్ బూత్ పరిధిలో ఓటర్ల జాబితా సరిగా ఉందో లేదో చూసే మనిషి. ఎన్నికలు దగ్గరపడేసరికి ఊరంతటికీ ఒకేసారి ఓటు గుర్తొచ్చింది. నమోదు రోజుల్లో బడి వరండాలో కూర్చుంటే అపార్ట్‌మెంట్ల వాళ్ళు, హాస్టల్ పిల్లలు, కొత్త కోడళ్ళు ఊపిరి తీసుకోనిచ్చేవారు కాదు. పైగా ఫారం 6, అంటే కొత్త ఓటు దరఖాస్తు, తీసుకుంటే పని అయిపోదు. ఆ మనిషి ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు వెళ్ళి చూడాలి. దాన్ని ఫీల్డ్ వెరిఫికేషన్ అంటాం.

ఆ రద్దీలో వచ్చిందే మంగ దరఖాస్తు. భర్త గోదావరిలో వేటకెళ్తాడు, ఆమె మార్కెట్లో చేపలమ్ముతుంది. పుట్టింటి ఊళ్ళో ఉన్న ఓటు పెళ్ళయ్యాక తీసేశారు. ఆ తర్వాత అద్దిళ్ళు మారుతూనే ఉంది కానీ పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

వెరిఫికేషన్‌కి నేను వెళ్ళేసరికి ఆమె అద్దెకుంటున్న ఇంటి ఓనరు, రిటైరైన టీచరుగారు, గేటు దగ్గరే ఉన్నారు.

“ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరండి,” అన్నారు.

పెరట్లో వల ఆరేసి ఉంది. పోనీ టీచరుగారే వేటకెళ్తున్నారేమో! నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని మార్కెట్టుకి నడిచాను.

“వదిలేయండి మేడం,” అంది మంగ చేపలు కోస్తూనే. “ఓటు కార్డులో ఈ అడ్రసెక్కితే రేపు మీరు ఇల్లే మాదంటారు, అంత ఓటు కావాలంటే ఖాళీ చేసెయ్యండి అన్నారండి ఆవిడ. చేపల వాసనని మాకెవరూ ఇల్లివ్వరండి. ఇది దొరకడమే గగనమైంది.”

“ఇంతకీ నీకు ఓటు కావాలా, వద్దా?”

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. “కావాలండి,” అంది మెల్లగా.

నిజానికి ఓనరు ఒప్పుకోవాలన్న నియమమేమీ లేదు. ఇరుగుపొరుగుని విచారించి, ఉంటోందని నేను రాసెయ్యొచ్చు. రాస్తే ఓటొస్తుంది, ఇల్లు పోతుంది. అందుకని మళ్ళీ టీచరుగారింటికే వెళ్ళి, మంచినీళ్ళడిగి కూర్చున్నాను.

“ఈ ఇల్లు కట్టుకోకముందు ఎక్కడుండేవారండీ?”

“కొవ్వూరులో అద్దెకుండేవాళ్ళమండి, చాలా ఏళ్ళు.”

“మరి ఓటు?”

“అక్కడే. ఎలక్షన్ డ్యూటీలు కూడా చేశాను,” అన్నారు గర్వంగా.

“అయితే ఆ కొవ్వూరు ఇల్లు కూడా మీదేనన్నమాట.”

ఆవిడ నా వైపు గుర్రుగా చూశారు. అంతలోనే నవ్వు ఆపుకోలేకపోయారు. “భలేవారండీ మీరు! పక్క వీధిలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చెయ్యక ఓనరుని కోర్టు చుట్టూ తిప్పుతున్నారండి. అది చూసి భయం పట్టుకుంది.”

ఆ భయం అబద్ధం కాదు. ఓటు కార్డు మనిషి ఎక్కడుంటున్నారో చెబుతుందే తప్ప ఇల్లు ఎవరిదో చెప్పదని ఓపిగ్గా వివరించాను. ఆవిడే మంగకి ఫోన్ చేశారు: “రేపు మేడంగారొస్తారు, ఇంట్లోనే ఉండు. ఖాళీ గీళీ ఏం అక్కర్లేదు.”

పట్నంలో ఓట్ల నమోదంటే పెద్ద క్యూలని అనుకునేదాన్ని. వరసలో నిలబడి మమ్మల్ని తిట్టేవాళ్ళకి ఓటు ఎలాగూ వస్తుంది. వరసలోకి రావడానికే జంకేవాళ్ళున్నారని, వాళ్ళ కోసం ముందు ఇంటి ఓనరుతో మాట్లాడాలని ఆ కేసే నాకు నేర్పింది.

పోలింగ్ రోజు నేను బూత్ బయట బల్ల దగ్గర ఉన్నాను. మంగ ఓటేసి బయటికొచ్చి, సిరా వేలు చూపించడం కూడా మర్చిపోయి, నా చెయ్యి పట్టుకుంది.

“లోపల నా పేరు గట్టిగా చదివారండి మేడం,” అంది. “అందరూ విన్నారండి.”