కుళాయి తిప్పి చూసిన టీచర్

నిన్న తాడేపల్లిలో మా స్టూడియో మైకు ఒక్కసారిగా కీచుమంది. చెవులు మూసుకున్నానో లేదో, సలోమీ టీచర్ గుర్తొచ్చారు. మా హైస్కూలు అసెంబ్లీ మైకూ ఇలాగే అరిచేది. నేనిప్పుడు ఒక కామెడీ షోకి రాస్తాను. మిర్చి కోల్డ్ స్టోరేజీ కడతామని నాయకుడొకరు వేసిన శంకుస్థాపన రాయికి ఊళ్లోవాళ్లు ఇప్పుడు గేదెను కట్టేసుకుంటున్నారని ఈ వారం రాశాను. ఆ ముక్క తీయకపోతే ఉద్యోగం ఉండదని మేనేజర్ గారు తేల్చేశారు. "వార్తలు చెప్పడానికి న్యూస్ చానళ్లున్నాయి. మనకెందుకమ్మా?" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

సలోమీ టీచర్ నల్లపాడు అవతల మా ఊళ్లో సోషల్ చెప్పేవారు. రోజూ ప్రార్థన అయ్యాక ఒకరు వార్తలు చదవాలి. నా వంతు రోజున పేపరు చూడలేదు. రాత్రి లోకల్ కేబుల్ టీవీ కామెడీ షోలో విన్నదే చదివేశాను: మా ఊరి ట్యాంకుకు రిబ్బన్ కత్తిరించారు గానీ పైపు వేయడం మరిచిపోయారు, అందుకే చుక్క నీరు లేదు. బడంతా గొల్లుమంది. హెడ్‌మాస్టర్ గారి మొహం కందగడ్డయింది. "జోకులు వార్తలాండీ, టీచర్ గారూ?" అన్నారు.

"చూసొచ్చి చెప్తానండి" అన్నారావిడ. సాయంత్రం మా క్లాసుని మిరపచేల పక్కనున్న ట్యాంకు దగ్గరికి నడిపించారు. తీరా చూస్తే పైపు ఉంది! నా ప్రాణం ఉసూరుమంది. టీచర్ కుళాయి తిప్పారు. నీళ్లు రాలేదు, ఒక సాలీడు బయటికొచ్చింది.

"పైపు లేదన్నది అబద్ధం. నీళ్లు లేవన్నది నిజం. రేపు అబద్ధం తీసేసి మళ్లీ చదువు."

"సార్ కొడతారేమో టీచర్!"

"ముందు నన్ను దాటి రావాలి. నువ్వు చదువే."

చదివాను. నవ్వు తగ్గకపోగా రెట్టింపైంది. ఆ మాట ఇళ్లకు చేరి, మా అమ్మావాళ్లు ఖాళీ బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. కొన్నాళ్లకు నీళ్లొచ్చాయి. టీచర్‌కు బదిలీ కూడా వచ్చింది, ప్రకాశం జిల్లా చివరికి. నేను వెక్కివెక్కి ఏడ్చాను. "ఏడుస్తావేమే పిచ్చిమొహమా? అక్కడా పిల్లలుంటారు, అక్కడా కుళాయిలుంటాయి" అని బస్సెక్కారు.

కామెడీ షో చూసి రాజకీయాలు తెలుసుకుంటారా అని ఈసడించేవాళ్లను చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఎందుకు తెలుసుకోకూడదు? కోటు వేసుకుని చెప్పినంత మాత్రాన అబద్ధం వార్త అయిపోతుందా? కాకపోతే చెప్పేవాళ్లూ వినేవాళ్లూ వెళ్లి కుళాయి తిప్పి చూడాలి. ఆవిడ నాకు చెప్పిన చదువు అదే. ఆ రాయి దగ్గరికి కూడా నేను వెళ్లే రాశాను.

ఈ ఉదయం మేనేజర్ గారికి చెప్పేశాను. "అందులో అబద్ధముంటే చూపించండి, ఇప్పుడే కొట్టేస్తాను. నవ్వొస్తోందని మాత్రం తీయనండి."

"ఉద్యోగం పోతుంది తల్లీ!"

"పోతే పోనివ్వండి. గేదె మాత్రం ఎక్కడికీ పోలేదు, వెళ్లి చూసి రండి."