అద్దం అవతలి మాట

లింగమూర్తి చెవులను సాంచాలు తినేశాయి. సిరిసిల్ల నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, సాంచాలు నడిచే ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, నిలబడ్డ మనిషికి చెవులు మిగలడమా! సాంచాల హోరులో ఎవరూ మాట వినరు, చూస్తారు. అంత దూరాన నిలబడ్డవాడి పెదవుల మీద మాటను ఇట్టే పట్టేస్తారు. పక్క సాంచాల మీద పనిచేసే నర్సింగం, లింగమూర్తి ఏళ్ల తరబడి గొంతు వాడకుండానే పోట్లాడుకున్నారు, సేఠ్‌ను తిట్టుకున్నారు, ఆదివారం డుమస్ సముద్రానికి పోదామని ఎత్తులు వేసుకున్నారు.

దీనికో నీతి ఉంది. ఒకడి మాట ఇంకొకడికి అందించేటప్పుడు ఉన్నదున్నట్టు అందించాలి. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. "ఆపు" అన్న మాట తప్పుగా అందితే ఎవడి చెయ్యో సాంచాలో పోతుంది మరి! ఈ విషయంలో లింగమూర్తి మహా మొండివాడు. ఇంకొకటి కూడా ఉంది. మాట్లాడుతున్నవాడికి వీపు తిప్పడమంటే మొహాన ఉమ్మినట్టే. దానికి ఖాతాలో తలలు పగిలేవి.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఊరంతా మళ్లీ మూతులకు గుడ్డలు కట్టుకుంది. అప్పుడు లింగమూర్తి నిజంగా చెవిటివాడయ్యాడు. వాళ్లుండే డిండోలి పేటలో ఒక కమ్యూనిటీ హాలును కరోనా వార్డు చేశారు. అయినవాళ్లను లోపలికి రానివ్వరు. అద్దాల కిటికీల బయట నిలబడి ఏడవాల్సిందే. ఫోన్ చేస్తే ఆయాసం తప్ప మాట వినబడదు. ఒకనాడు బుచ్చవ్వ అనే ముసలామె కొడుకు లోపల ఏదో అంటున్నాడు, ఆమెకు అర్థం కాక నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. అటుగా పోతున్న లింగమూర్తి ఆగి చూశాడు.

"తాళంచెవి బియ్యం డబ్బాల ఉన్నదంట అవ్వా."

అంతే, ఇక ఆ కిటికీలే ఆయనకు ఖాతా అయ్యాయి. లోపలివాళ్లు ఆక్సిజన్ తొడుగు కిందికి లాగి మాట్లాడేవారు, ఆయన బయటివాళ్లకు చెప్పేవాడు. "నేను బతక" అన్నా అట్లాగే చెప్పేవాడు. తిట్లు తిన్నాడు గానీ మాట మార్చలేదు.

ఆ తర్వాత నర్సింగం వచ్చి పడ్డాడు లోపల. కిటికీలో దోస్తును చూడగానే, పాపం, వాడి ముఖం ఎట్లా వెలిగిపోయిందో! తొడుగు లాగి పడేసి మొదలుపెట్టాడు. పక్క మంచంవాడి గురక, ఉప్పు లేని కిచిడీ, ఖాతా ఎప్పుడు తెరుస్తారన్న ఆరా. వాడి పెదవులు నీలమెక్కుతున్నాయి. లింగమూర్తి తన మాస్కు దించాడు.

"పెట్టుకోర నర్సిగా! తర్వాత ముచ్చట పెట్టుకుందం!"

వింటేనా! పుట్టి బుద్ధెరిగాక నోరు చూపించే మాట్లాడినవాడు నోరు ఎట్లా కప్పుకుంటాడు? నర్సు వచ్చి తొడుగు పెట్టి పోయింది. మళ్లీ లాగేశాడు. కిటికీ బయట లింగమూర్తి పక్కన నిలబడ్డ తన భార్య ఎల్లవ్వ వైపు వేలు చూపించి, ఆమెకు ఒక మాట చెప్పాలన్నాడు. అంతలోనే ఎగశ్వాస.

నేను చూస్తున్నంతసేపు వీడు మాట్లాడుతూనే ఉంటాడు, వీణ్ని చంపుతున్నది నేనే అనుకున్నాడు లింగమూర్తి. కళ్ల నీళ్లు తుడుచుకుని, నర్సింగానికి వీపు తిప్పాడు.

ఎల్లవ్వ ఆయన భుజం పట్టి ఊపింది. తన మాస్కు లాగేసింది.

"అన్నా, అద్దం గుద్దుతున్నడే! ఇటు సూడు, ఏమంటున్నడో సూడు! నీ కాళ్లు మొక్కుత!"

"సూడ చెల్లె. నేను సూత్తె ఆడు తొడుగు పెట్టుకోడు. జర ఊపిరి తీసుకోనియ్యి. రేపు అడుగుదం."

తెల్లారి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. నర్సింగాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి రాత్రే తీసుకుపోయారట.

ఎల్లవ్వ మాస్కు దించి, పెదవులు బాగా కనబడేట్టు నిదానంగా అడిగింది.

"అందరి మాటలు తెచ్చిచ్చినవ్ గదన్నా. మా ఆయన ఏమన్నడు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. పిల్లలు పైలం అన్నాడనో, ఏడ్వకన్నాడనో. ఎవరొచ్చి కాదంటారు? మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అనని మాటను నర్సింగం నోట్లో పెట్టడం ఆయన వల్ల కాలేదు.

"నేను సూడలె చెల్లె."

ఎల్లవ్వ మాస్కు పైకి లాక్కుంది. ఆ గుడ్డ వెనక ఆమె నోరు కదులుతూనే ఉంది. ఏమంటున్నదో లింగమూర్తికి తెలియలేదు.