బొగ్గు బస్సు, అవ్వ కడుపునొప్పి

నా చిన్నప్పుడు మా ఇంటి దేవుళ్ళలో ఒకరు బస్సు వెనకాల వేలాడుతూ ఊళ్ళు తిరిగేవారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కార్వేటినగరం నుంచి చిత్తూరుకు మా తాత ఒక చిన్న బస్సు కంపెనీ నడిపేవాడు. కంపెనీ అంటే రెండు బస్సులు, ఒక రేకుల షెడ్డు, దాన్ని నమ్ముకున్న కొన్ని కుటుంబాలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క ఎక్కడి బస్సులు అక్కడ మూలన పడుతుంటే, మా తాత తన బస్సుల వెనక పీపాల్లాంటి ఇనుప బాయిలర్లు బిగించి, అందులో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజన్లు నడిపించాడు. ఎవరి జీతమూ ఆగలేదు, మా ఇంట్లో పొయ్యీ ఆరలేదు. ఆ బాయిలరే మా దేవుడు.

యుద్ధం ముగిసింది. మెల్లగా పెట్రోలు మళ్ళీ రావడం మొదలైంది. మిగతావాళ్ళంతా బాయిలర్లు ఊడదీసి పాత ఇనుముకు వేసేశారు. మా డ్రైవరు కూడా తాతను బతిమాలి చూశాడు. తాత వింటేనా! శుక్రవారం శుక్రవారం బాయిలరుకు పసుపు, కుంకుమ పెట్టించేవాడు. ఆయుధపూజ నాడు మొదటి గుమ్మడికాయ దానికే. నేనూ వెళ్ళి భక్తిగా నుదురు ఆనించి, ఇంత మసి పూసుకుని వచ్చేదాన్ని.

"కరువులో కూడు పెట్టినాది అది. ఇప్పుడు పెట్రోలు వచ్చిందని ఊడబెరికి పారేస్తే మనం మనుషులమేనా అప్పా?" అని తాత అంటే డ్రైవరు మళ్ళీ బొగ్గు తట్ట ఎత్తుకునేవాడు. నిజానికి ఆ మాటలో తప్పేమీ లేదు. వచ్చిన చిక్కల్లా తాత ఆ బస్సు ఎక్కకపోవడమే. తాను ఎక్కితే టిక్కెట్టు కొనే మనిషికి ఒక సీటు తగ్గిపోతుందని ఆయన లెక్క. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, బస్సు కదలడం, తిరిగి రావడం చూసి మురిసిపోయేవాడు. మధ్యలో దారి పొడుగునా ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు.

అలా ఉండగా మా మేనత్త తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఊరి మంత్రసాని కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉన్నట్టుందనీ, నొప్పులు మొదలయితే ఒక్క గడియ కూడా ఆగకుండా చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోవాలనీ చెప్పి వెళ్ళింది. ఆ మాట విన్నప్పటి నుంచి మా అవ్వకు నిద్ర లేదు. బస్సు సంగతి చూడమని తాతకు నాలుగైదుసార్లు చెప్పింది. ఇంట్లోనే బస్సు పెట్టుకుని దిగులెందుకని ఆయన కొట్టిపారేశాడు. మా అవ్వ వాదించే మనిషి కాదు. వంటింట్లోకి వెళ్ళి మురుకులు చేయడానికి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అవ్వ కడుపు పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపొమ్మని మూలిగింది. తాత చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకు పరిగెత్తాడు. బస్సు ఉంది, డ్రైవరు ఉన్నాడు, దేవుడు మాత్రం చల్లగా పడుకుని ఉన్నాడు. నిప్పు రాజేసి, దానికి గాలి కొట్టే ఫ్యాను పిడి పట్టుకుని తిప్పుతూ కూర్చోవాలి, గ్యాసు పుట్టేదాకా. ముందురోజు వానకు బొగ్గు చెమ్మగిల్లి ఉంది. క్లీనరు చేతులు పడిపోతే తాత తానే పిడి అందుకున్నాడు. చిత్తూరుకు పోయే ప్రయాణికులను కూడా ఎక్కించుకుని బస్సు కదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చేసింది. అవ్వను వెనక సీటులో పడుకోబెట్టారు. ఆమె తల నా ఒళ్ళో ఉంది. నేను ఏడుస్తూ ఉంటే అవ్వ ఒక కన్ను తెరిచి, నా నోట్లో మురుకు ముక్క పెట్టింది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

దారిలో ఒక పెద్ద మిట్ట ఉంది. బస్సు దాని కిందికి రాగానే దగ్గి ఆగింది. ఎవరూ చెప్పకుండానే ప్రయాణికులందరూ పంచెలు ఎగగట్టి, అలవాటైన పనిలాగా దిగారు. తాత బిత్తరపోయి తానూ దిగి, వెనకకు వెళ్ళి బాయిలరు పక్కన చేయి వేశాడు. తాత ఎవరో తెలియని ఒక ముసలి ప్రయాణికుడు మందలించాడు.

"ఆడ పట్టుకుంటే కాలిపోతావు నాయనా, ఇట్లా రా. కొత్తా ఈ బస్సుకు? టిక్కెట్టేమో కూసునేదానికి, తోసేదేమో మన పుణ్యానికి."

తాత ముసలాయన చూపించిన చోటికి జరిగాడు. జరీ పంచె మసి అయ్యేదాకా తోశాడు. బస్సు జానెడు ఎక్కి మూరెడు జారింది. చివరికి ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహమంతా మసి, ఆ మసి మీద రెండు కన్నీటి చారలు. ఇంకొంచెం ఓర్చుకోమని అవ్వను బతిమాలాడు. అవ్వ లేచి కూర్చుని కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"నాకేం కాలేదయ్యా, బాగుండాను. ఇదే నొప్పి రేపు నీ కూతురికొస్తే? ఆ బిడ్డ ఈ మిట్ట కింద పుట్టాల్నా?"

తాత చూపు అవ్వ మీంచి బాయిలరు మీదికి తిరిగింది. కోపం వచ్చిందనుకున్నాను. ఆయన వెళ్ళి దారి పక్క బండరాయి మీద కూర్చున్నాడు. అవ్వ దిగి, పక్కన కూర్చుని, మురుకుల మూట విప్పింది.

"మొక్కేదాన్ని ఇంట్లో పెట్టుకుని మొక్కు. ఎవురొద్దన్నారు? బండికి మాత్రం కట్టొద్దు."

ముందు నవ్వింది ఆ ముసలాయనే. ఆ తర్వాత అందరూ నవ్వారు, అందరికంటే ఆఖరుగా, అందరికంటే గట్టిగా మా తాత నవ్వాడు. ఆ రోజు మిట్ట కింద బస్సులో ఉన్నవాళ్ళందరికీ మురుకులు దక్కాయి. అంత రుచి మళ్ళీ నేను ఎరగను.

ఆ వారంలోనే బాయిలర్లు దిగాయి. అత్తకు నొప్పులు మొదలైన నాడు బస్సు పిలవగానే కదిలింది. మిట్ట దగ్గరికి వచ్చేసరికి తాత అలవాటు కొద్దీ పంచె ఎగగట్టి లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడి ఉండగానే బస్సు మిట్ట ఎక్కేసింది. సాయంత్రానికి అత్తకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. వాళ్ళు ఇంటికి వచ్చాక బాలింతకూ బిడ్డకూ నీళ్ళు కాచింది ఎందులో అనుకున్నారు? పెరట్లో పెట్టి తాత స్వయంగా పసుపు రాసిన మా పాత దేవుడిలోనే, పై మూత కోయించి.

పెద్దయ్యాక నేను ఆసుపత్రుల్లో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇన్నాళ్ళూ నడిచింది, ఇకముందూ నడవదా అని ఎవరైనా ఒక పాత యంత్రాన్ని చూపించినప్పుడల్లా, అవసరం రాకముందే ఒక ఉత్తుత్తి కడుపునొప్పి తెచ్చుకుని దాన్ని నడిపించి చూసేదాన్ని. అది మిట్ట ఎక్కితే సరే. ఎక్కకపోతే, దానికి దణ్ణం పెట్టి పక్కన పెట్టించేదాన్ని. ఆ రోజు పుట్టిన పిల్ల ఇప్పుడు మనవరాళ్ళను ఎత్తింది. దాన్ని చూసినప్పుడల్లా నా నాలుక మీద మురుకు రుచి తగులుతుంది.