పక్కింటి తలుపు మీది కాగితం

రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు గట్టు మీదికి సాయంత్రం నడకకని వెళ్తే, అక్కడ గోడవారన స్టూలేసుకుని కూర్చునే కాపలా ముసలాయన చుట్ట వెలిగిస్తాడు. నడిచేవాళ్ళందరూ మొహం చిట్లించుకుని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పోతారు, నేను మాత్రం అక్కడే నిలబడిపోతాను. అది మా అమ్మమ్మ వాసన. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టిన మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, మాట కూడా తడబడకుండా చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, చింతపండు ఈనెలు తీస్తూ, మనవరాలికి జడ వేస్తూ తాగేది. పొగ తాగినంతసేపూ బాగానే ఉండేది గానీ అయిపోయాక వచ్చేది దగ్గు, గొంతులోంచి కాదు, కడుపులోంచి తవ్వుకొచ్చినట్టు, మూడు పొడుగువీ ఒక పొట్టిదీ. ఆ దగ్గు విని రాయ్‌పూర్‌లో మా లైనంతా ఈవిడ వచ్చిందని తెలుసుకునేది. ఆ దగ్గు తలుచుకుంటే నాకు నవ్వు రావాలి, కానీ తల వంగిపోతుంది.

మా లైనంటే రైల్వే క్వార్టర్లలో ఒక వరస. పది ఇళ్ళు, పదీ మా ఉత్తరాంధ్ర వైపు వాళ్ళవే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర కొంచెం ఛత్తీస్‌గఢీ. నాన్న గూడ్సు బండికి గార్డు. వేసవి వచ్చిందంటే ఊళ్ళ నించి ఆవకాయ జాడీలు వచ్చేవి, వాటిని ఎవరూ పార్సిల్ కట్టి పంపేవారు కాదు. జాడీ మూతికి గుడ్డ కట్టి, గుడ్డ మీద బొగ్గుతో పేరు రాసి, బొబ్బిలి స్టేషన్‌లో అటుగా పోయే గార్డుకి అప్పజెపితే, ఆయన రాయగడలో దిగి ఇంకొకాయనకి, ఆయన టిట్లాగఢ్‌లో మా నాన్నకో మరొకరికో చేతులు మార్చి మార్చి ఇచ్చేవారు. ఎన్ని చేతులు మారినా ఒక్క ముక్క తగ్గేది కాదు. ఆ జాడీ కోసం మేం పిల్లలం ఎర్రటి ఎండలో పట్టాల వైపు చూస్తూ నిలబడేవాళ్ళం. టెందూ పళ్ళు, అంటే తునికి పళ్ళు, అమ్మేవాడు వస్తే అవి కొనుక్కుని గింజలు ఒకరి మీద ఒకరు ఉమ్ముకునేవాళ్ళం, ఏడుపెంకులాట ఆడేవాళ్ళం, పొద్దున్నే ఇళ్ళలో గంజి పోసిన చద్దన్నం తినేవాళ్ళం. దాన్నే అవతలి వీధి పిల్లలు బోరే బాసీ అని తింటుంటే, మాది మీరు కాపీ కొట్టారని పోట్లాటకి దిగేవాళ్ళం.

మా ఇల్లు లైనులో చివరినించి రెండోది, చివరిది సత్యవతత్తది. రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే, వెనక వరండా ఒకటే. అత్త భర్త పట్టాలు చూసే గ్యాంగులో పనిచేస్తూ పోయాడు, ఉద్యోగం కొడుక్కి వచ్చి వాడు బిలాస్‌పూర్ వైపు ఉండేవాడు, కూతురు రాజ్యాన్ని తిల్దాలో బియ్యం మిల్లు గుమాస్తాకి ఇచ్చారు. అందుకని అత్త ఒక్కర్తే ఉండేది, ఒక్కర్తే పదిమందికి వండేది. ఉగాదికి బొబ్బట్లు, దసరాకి గారెలు, ఏమీ లేని రోజున కూడా బెల్లం గవ్వలు. నా చిన్నప్పటి ఆకలి సగం ఆవిడ వంటింట్లోనే తీరింది. అమ్మమ్మ పంపిన జాడీలో సగం ఎప్పుడూ ఆవిడకే పోయేది.

లైనులో ఆడవాళ్ళకి హిందీ అంతంతమాత్రం. సత్యవతత్తకైతే అసలు రాదని అందరి నమ్మకం. బేరమాడాలన్నా వేళ్ళు చూపించేది, తల అడ్డంగా ఊపేది. గ్యాసు బుక్ చెయ్యాలన్నా, రేషను కార్డు కాగితం చదవాలన్నా నన్నే పిలిచేవారు. బడిలో హిందీలో ఫస్టు నేనే. పన్నెండేళ్ళకే పది గుమ్మాలకీ నోరు నేనైపోయాను. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారే, అలాంటి గొప్ప నాది.

అప్పుడొచ్చింది ఆ మాయదారి జబ్బు. బళ్ళు మూసేశారు, మనుషులెక్కే రైళ్ళు ఆపేశారు, సరుకు బళ్ళు మాత్రం తిరిగేవి కాబట్టి నాన్న డ్యూటీ ఆగలేదు. రేషను దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీస్తే పెద్దవాళ్ళు లేనప్పుడు మేం వాటిలో తొక్కుడుబిళ్ళ ఆడేం. ఇరవై అంకెలు లెక్కపెడుతూ చేతులు కడిగేం, అమ్మ గుమ్మానికి వేపరెమ్మలు కట్టి మిరియాల కషాయం రోజూ బలవంతంగా పోసేది. బస్తీకి మితానిన్ ధనేశ్వరి దీదీ. మితానిన్ అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణులకి మాత్రలూ పిల్లలకి చుక్కలూ చూసుకునే మనిషి. చున్నీ ముక్కుకి బిగించి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, రోజూ వచ్చి ఒకటే అడిగేది: బయట ఊరి నించి ఎవరైనా వచ్చారా, ఎవరికైనా దగ్గూ జ్వరమూ ఉన్నాయా. వేరే రాష్ట్రం నించి వస్తే దాచొద్దు, పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండాలి, తలుపు మీద కాగితం అంటిస్తారు. ఇంట్లో వేరే గది లేకపోతే, పెద్దవయసు వాళ్ళయితే, బడిలో పెట్టిన సెంటరుకి తీసుకుపోతారని కూడా అనేవారు. ఆ ఆడమనిషి మా మంచికే ఎండలో తిరిగేదని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు ఆవిడ చెప్పుల చప్పుడైతే అందరి గుండెల్లోనూ రాయి పడేది.

ఊళ్ళో అమ్మమ్మ ఒక్కర్తే ఉంది. వండిపెట్టే మేనకోడలు పుట్టింటికి పోయి అక్కడే చిక్కుకుపోయింది. ఫోన్లో అమ్మ ఏడవని రోజు లేదు. రాష్ట్రం దాటడానికి పాసు పెట్టుకోమని ఎవరో చెప్తే నాన్న నవ్వేశాడు, "రైలోళ్ళకి రాష్ట్రాలేటి?" అన్నాడు. మా వాళ్ళ బుర్రల్లో ఉన్నది అదే. రోడ్డు మీద పోతే ప్రయాణం, పట్టాల మీద పోతే ఇంట్లో ఒక గది నించి ఇంకో గదిలోకి పోవడం. నిబంధనలు లోకానికి, మనకి కాదు. ఆవకాయ జాడీ వచ్చిన దారినే, అలాగే చేతులు మారుతూ, గార్డు పెట్టెలో చెక్కబల్ల మీద కూర్చుని అమ్మమ్మ వచ్చేసింది. వచ్చాక గానీ మా వాళ్ళకి భయం పట్టుకోలేదు. తలుపు మీద కాగితం పడితే ఎలా వచ్చిందని అడుగుతారు, నాన్న ఉద్యోగానికి ముప్పు, దారిలో చేతులు కలిపిన వాళ్ళందరికీ ముప్పు. అమ్మమ్మని వెనక గదిలో పెట్టి, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గమని చెప్పారు. చుట్ట మానమని మాత్రం చెప్పలేకపోయారు. ఎవరడిగినా మనింటికి ఎవరూ రాలేదని చెప్పమని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

నాలుగో రోజు పొద్దున్న ధనేశ్వరి దీదీ వచ్చింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. రెండు గుమ్మాల మధ్య నిలబడి ఆవిడ మా ఇంటి వివరం అడిగింది, నేను గడగడా చెప్పేశాను, ఆవిడ రాసుకుంది. అప్పుడు లోపలినించి మూడు పొడుగువీ ఒక పొట్టిదీ వినిపించాయి.

"కోన్ ఖాంసత్ హే ఓ?" అంది. ఎవరే దగ్గుతున్నది అని.

అనుకోకుండా నోరు జారిందని చెప్పుకోవాలని చాలాసార్లు అనిపించింది. అది అబద్ధం. ఆలోచించుకునేంత సమయం నాకుంది. ఒకటే గోడ, దగ్గు ఏ వైపుదో బయటివాళ్ళకి తెలీదని ఆలోచించాను, ఆలోచించే చెయ్యి ఎత్తి పక్కిల్లు చూపించాను.

సత్యవతత్త తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. రాజ్యానికి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని అల్లుడు తిరిగి తిరిగి పాసు సంపాదించాడు, సోమవారం బండి మాట్లాడుకున్నారు. అత్త వారం రోజులుగా మెత్తటి పాతచీరలు చింపి పొత్తిగుడ్డలు చేసి ఉతికి ఆరేస్తోంది, బాలింతకి పెట్టే కాయానికి శొంఠీ మిరియాలూ వేయిస్తోంది, ఆ ఘాటు లైనంతా కమ్ముకుని ఉంది. దీదీ అడగమంది, నేను తెలుగులో అడిగాను, ఎక్కడికైనా వెళ్ళావా అత్తా, ఒంట్లో బాగుందా అని.

"నానెక్కడికెల్నానే గుంటా? సోమారం రాజ్యం వస్తాది, పనితోనే సరిపోతంది. నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను."

నేను దీదీ వైపు తిరిగి, చక్కటి హిందీలో, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను: మొన్న కూతుర్ని చూడ్డానికి తిల్దా వెళ్ళొచ్చిందట, అప్పట్నించీ దగ్గుతోందట.

అత్త నా మొహం వైపు చూసింది. అర్థం కాక చూస్తోందనుకున్నాను. శొంఠి ఘాటుకి కాబోలు, సరిగ్గా అప్పుడే ఆవిడకి చిన్నగా పొలమారింది. దీదీ రెండడుగులు వెనక్కి వేసి రిజిస్టరు తెరిచింది.

మధ్యాహ్నానికి కాగితం అంటించారు. ఈ ఇంటికి దూరంగా ఉండండి, ఇంట్లో ఒక మనిషి, ఫలానా తేదీ దాకా. లైనులో అప్పటిదాకా ఆవిడ చేతి గారెలు తిన్నవాళ్ళందరూ కొళాయి దగ్గర ఆవిడ బిందె పెట్టిన చోటు నీళ్ళు పోసి కడగడం మొదలెట్టారు. పిల్లలు ఆ గుమ్మం ముందునించి ఊపిరి బిగబట్టి పరిగెత్తేవారు. నేనూ పరిగెత్తాను, ఊపిరి బిగబట్టి మరీ. ఆ ఇంట్లో జబ్బు లేదని లోకంలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను.

అమ్మ తలుపు వెనక నిలబడి అంతా విన్నదని నాకు తెలుసు. ఆ పూట నా పెరుగన్నంలో నాన్న కోసం దాచిన మీగడంతా వేసింది. నేను తిన్నాను. మర్నాటి నించి అమ్మే అత్త గుమ్మంలో గిన్నెతో అన్నం పెట్టి వచ్చేది, పాపం ఒక్కర్తే అంటూ. వెనక గదిలో అమ్మమ్మ మాత్రం రోజూ అడిగేది, సత్తెవతి ఇటు తొంగైనా చూడదేటని.

సోమవారం బండి తిల్దా నించి రాలేదు. కాగితం ఉన్న ఇంటికి నిండు చూలాలిని ఎవరు తెస్తారు? అత్త వెళ్ళడానికీ లేదు. పొత్తిగుడ్డలు వెనక వరండాలో తీగ మీద ఆరి, మళ్ళీ దుమ్ముపట్టి, అలాగే వేలాడాయి. గురువారం రాజ్యానికి ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువ. ఆరు రోజులు బతికింది. అత్త ఆ పిల్లని ఫోన్లోనే చూసింది, గోడవతల ఆవిడ ఫోనుకి చెప్పే జోల మాటలు మాకు వినపడేవి. ఆరో రోజు వినపడ్డది జోల కాదు. అమ్మమ్మ గోడకి చెవి ఆనించి నా వైపు తిరిగి ఏమైందే అంటే, నేను మంచం కిందికి దూరి చెవులు మూసుకున్నాను.

పిల్ల ఎక్కడ పుట్టినా దక్కేది కాదని డాక్టరన్నారని నాన్న చెప్పాడు. నిజమే కావచ్చు. ఆ కావచ్చుని నేను ఏళ్ళ తరబడి పట్టుకు వేలాడాను. కానీ తన అమ్మమ్మ ఒళ్ళో ఆ ఆరు రోజులు పడుకునే హక్కు ఆ పిల్లకి ఉంది, దాన్ని తీసేసినది డాక్టరు కాదు. మా అమ్మమ్మకా, ఏమీ కాలేదు. నిజం చెప్పి ఉంటే మా తలుపు మీద పద్నాలుగు రోజులు ఒక కాగితం ఉండేది, నాన్నకి మహా అయితే ఒక నోటీసు వచ్చేది. అంతే.

ఇదంతా ఎవరికీ చెప్పలేదు. తర్వాత లైనులో ఇళ్ళు పాతబడ్డాయని ఒక్కొక్కటే ఖాళీ చేయించి కూలగొట్టారు. ఇప్పుడక్కడ పొడుగాటి బిల్డింగు, ఎవరి తలుపు వాళ్ళదే, గోడవతల ఎవరు దగ్గుతున్నారో తెలీదు. అమ్మమ్మ పోయింది. గార్డులకి ట్రైన్ మేనేజరని కొత్త పేరొచ్చింది, ఆవకాయ కొరియరులో వస్తోంది. సత్యవతత్త తిల్దాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

పోయిన నెల ఒక ఆదివారం లోకల్ ఎక్కి తిల్దా వెళ్ళాను. మిల్లు వెనక సందులో రెండు గదుల ఇల్లు, అరుగు మీద అత్త చేటలో బియ్యం ఏరుతోంది. రాజ్యం తర్వాత కన్న కొడుకు ఆవిడ వీపు మీద ఎక్కి ఊగుతున్నాడు. రాజ్యం ఇంట్లో లేదు, అది నాకు మేలైంది. కూర్చుని అంతా చెప్పాను, దగ్గూ, గోడా, నేను హిందీలో అన్న మాటలు అన్నట్టుగానే. ఆవిడ ఏరడం ఆపలేదు.

"తెల్దనుకున్నావేటి?" అంది. "పాతికేళ్ళున్నాను ఆ ఊళ్ళో. మాటాడ్డం రాదు గానీ ఇనడం రాదేటి? ఆ దగ్గు ఎవుల్దో నాకు తెల్దేటి?"

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. చేటలో బియ్యం ఒకసారి చెరిగింది.

"మీ అమ్మమ్మని సెంటరుకి అట్టుకెల్లిపోతారని. ముసిల్దానికి ఇక్కడి మాట ఒక్కటి రాదు. రేతిరి దాహమేస్తే నీళ్ళెలగడుగుతాది?" రాయి ఒకటి ఏరి పారేసి, కోపం లేకుండానే అంది, "ఆవిడ కోసం ఊరుకున్నాను. నీ కోసం కాదు."

మనవడికి ఆకలేస్తోందని లేచి లోపలికి వెళ్ళింది. నాకు టీ ఇచ్చింది, తాగాను, బండికి వేళవుతోందని లేచాను. తిరుగు లోకల్‌లో కిటికీ పక్కన కూర్చుని ధర్సీవా వైపు ఫ్యాక్టరీ గొట్టాలు కనపడేదాకా మనసు తేలికైందనే అనుకున్నాను. అప్పుడు తట్టింది, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాను గానీ, తప్పు చేశాను అత్తా అన్న మాట మాత్రం అనకుండానే వచ్చేశానని.